క్రౌన్ ఆయిల్ ఏది పోయాలి: 90, 140, సింథటిక్, ఎల్‌ఎస్ మధ్య ఎంపిక

చెన్నై జీపీ రోడ్డులో ఏ స్పేర్స్ షాపుకి వెళ్లి "డిఫరెన్షియల్ ఆయిల్ కావాలి" అన్నా కౌంటర్ మీదికి కనీసం మూడు డబ్బాలు వస్తాయి. ఒకదాని మీద ఈపీ 90 అని, ఇంకోదాని మీద 80డబ్ల్యూ-90 జీఎల్-5 అని, మూడోదాని మీద 85డబ్ల్యూ-140 అని ఉంటుంది. వాటి పక్కన రెండు మూడు రెట్ల ధరకి 75డబ్ల్యూ-90 సింథటిక్. మెకానిక్‌ని అడిగితే "ఈ ఎండలకి 140 పోసెయ్ సార్, చిక్కగా ఉంటే మంచిది, సౌండు కూడా తగ్గుద్ది" అంటాడు. చాలామంది అదే పోయించుకుని వెళ్లిపోతారు.

మా సలహా దానికి ఎదురు. ఇంజిన్ బలాన్ని చక్రాలకి పంచే డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ల చక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. ఈ క్రౌన్, పినియన్ పళ్లని కాపాడేది ముందుగా ఆయిల్‌లో కలిపిన రసాయనం, ఆ తర్వాత సరైన మట్టం, నీళ్లు చొరబడకపోవడం. చిక్కదనం వీటి తర్వాత వస్తుంది. బ్రాండు ఇంకా తర్వాత. ఈ వరసలోనే చూసుకుంటూ వెళ్దాం.

## మీ బండికి విడిగా క్రౌన్ ఉందా?

స్విఫ్ట్, బలెనో, డిజైర్, ఐ20 లాంటి ముందు చక్రాలతో నడిచే కార్లలో డిఫరెన్షియల్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. రెండింటికీ ఒకటే ఆయిల్. అక్కడి పళ్లు మామూలు హెలికల్ రకం, పైగా పక్కనే గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి. అందుకే మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న ఇలాంటి కార్లకి సాధారణంగా జీఎల్-4 ఆయిలే చెప్తారు (జీఎల్ అంటే గేర్ ఆయిల్ ఇచ్చే రక్షణని బట్టి వేసే తరగతి). వీటికి క్రౌన్ ఆయిల్ అని విడిగా కొనాల్సింది లేదు. ఎవరైనా "డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మార్చాలి" అని బిల్లులో వేస్తే ఎక్కడ పోశారో చూపించమనండి.

ఇన్నోవా పేరు చూసి చాలామంది పొరబడతారు. క్రిస్టా వెనక చక్రాలతో నడిచే బండి, దానికి వెనక విడి క్రౌన్ ఉంది. హైక్రాస్ ముందు చక్రాలతో నడిచేది, దానికి లేదు. క్రిస్టా అమ్మి హైక్రాస్ కొన్నవాళ్లు పాత లెక్కలో ఆయిల్ కొనకూడదు.

ఈకో, పాత ఓమ్ని, బొలెరో, స్కార్పియో, క్రిస్టా, ఫార్చునర్, టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్, ట్రావెలర్, ఇంకా లారీలన్నిటికీ వెనక క్రౌన్ ఉంటుంది. బండి కిందికి వంగి చూస్తే వెనక యాక్సిల్ మధ్యలో గుండ్రని ఉబ్బు, ముందు నుంచి దానిలోకి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కనిపిస్తాయి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిల్‌లో ఇంకో క్రౌన్, మధ్యలో బలాన్ని రెండు యాక్సిళ్లకీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ కేసుకి క్రౌన్ ఆయిల్ పనికొస్తుందని అనుకోవద్దు, దానిది వేరే లెక్క.

ఎలక్ట్రిక్ కార్ల రిడక్షన్ గేరుకి కంపెనీ చెప్పిన ద్రవం తప్ప 90 ఆయిల్ జోలికి పోవద్దు. ఊళ్లో ట్రాక్టరు ఉంటే దానికీ ఈ వ్యాసం వర్తించదు. చాలా ట్రాక్టర్లలో డిఫరెన్షియల్, హైడ్రాలిక్స్, ఆయిల్ బ్రేకులు ఒకే తొట్టిలోని ఆయిల్‌తో పనిచేస్తాయి. అందులో జీఎల్-5 పోస్తే బ్రేకులు పట్టవు.

## జీఎల్-4, జీఎల్-5: అసలు తేడా ఇక్కడుంది

వెనక యాక్సిల్‌లోని క్రౌన్, పినియన్ హైపాయిడ్ రకం. పినియన్ నడిమి గీత క్రౌన్ నడిమి గీత కంటే కిందికి ఉంటుంది. దీనివల్ల ప్రొపెల్లర్ షాఫ్టు కిందికి దిగుతుంది, పళ్ల పట్టు పెరుగుతుంది, చప్పుడు తగ్గుతుంది. ఇంత లాభానికి మూల్యం పళ్లే చెల్లిస్తాయి. మామూలు గేర్లలో పన్ను పన్ను మీద చాలావరకు దొర్లుతుంది. హైపాయిడ్‌లో మాత్రం రుబ్బురోట్లో పొత్రంలా పన్ను పన్నుని నొక్కుతూనే పొడవునా రాసుకుంటూ జారుతుంది. ఆ ఒత్తిడికి ఎంత చిక్కని ఆయిల్ పొర అయినా మధ్యలోంచి పక్కకి తప్పుకుంటుంది.

అప్పుడు ఆదుకునేవి గంధకం, భాస్వరం కలిసిన ఈపీ (విపరీత ఒత్తిడిని తట్టుకునే) రసాయనాలు. పన్నుకి పన్ను తగిలి వేడెక్కిన చోట ఇవి ఇనుముతో కలిసి పల్చటి పొర కడతాయి. రాపిడికి ఉక్కు బదులు ఆ పొర అరుగుతుంది, అరిగినచోట మళ్లీ కడుతుంది. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే ముక్కుకి తగిలే ఘాటు వాసన వీటిదే. జీఎల్-5 ఆయిల్‌లో ఈ రసాయనాల మోతాదు జీఎల్-4లో ఉండేదానికి సుమారు రెట్టింపు. హైపాయిడ్ క్రౌన్‌కి జీఎల్-5 తప్పనిసరి కావడానికి కారణం ఇదే. జీఎల్-4 పోస్తే మొదటి రోజే ఏమీ విరగదు. కానీ బరువుతో ఎత్తెక్కేటప్పుడు పళ్ల మీద గీతలు పడటం మొదలవుతుంది, తర్వాత ఊళ పుడుతుంది.

అలాగని అన్నిచోట్లా జీఎల్-5 మేలు అనుకోవద్దు. సింక్రో రింగులున్న గేర్‌బాక్స్‌లో అదే రసాయనం ఇత్తడి మీద కూడా పొర కట్టి దాన్ని కొద్దికొద్దిగా ఊడదీస్తుంది. పైగా సింక్రో రింగుకి కావాల్సింది పట్టు, ఈ ఆయిల్ జారుడెక్కువ. గేర్లు గరగరమంటూ పడటం మొదలవుతుంది. ఒకే బండికి వెనక క్రౌన్‌లో జీఎల్-5, గేర్‌బాక్స్‌లో జీఎల్-4 పోయాల్సి రావడం అందుకే. డబ్బులు మిగుల్తాయని రెండింటికీ ఒకే ఐదు లీటర్ల డబ్బా కొనడం చాలాచోట్ల జరుగుతోంది, అది ఆపేయాలి.

ఈపీ 90 అని రాసి ఉంటే అది జీఎల్-5 అని అర్థం కాదు. ఈపీ రసాయనం రెండు తరగతుల్లోనూ ఉంటుంది. డబ్బా తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. ఒకే కంపెనీ పేర్లలోనే తేడా ఉంటుంది: ఇండియన్ ఆయిల్ సర్వో గేర్ సూపర్ జీఎల్-4 తరగతి, సర్వో గేర్ హెచ్‌పీ జీఎల్-5 తరగతి. షెల్ స్పిరాక్స్‌లో పేరులో "ఏ" ఉన్నది యాక్సిల్‌కి, "జీ" ఉన్నది గేర్‌బాక్స్‌కి. జీఎల్-4, జీఎల్-5 రెండూ ఒకే డబ్బా మీద వేసే ఆయిళ్లూ ఉన్నాయి. వాటిని క్రౌన్‌లో ధైర్యంగా పోయొచ్చు. గేర్‌బాక్స్‌లో మాత్రం బండి పుస్తకం ఒప్పుకుంటేనే పోయాలి. ఇంకా కొన్ని డబ్బాల మీద జీఎల్-6 అని గొప్పగా కనిపిస్తుంది. ఆ పరీక్ష చేసే యంత్రాలే ఇప్పుడు లేవు, ఆ తరగతి ఎప్పుడో మూలపడింది. దాన్ని చూసి ఎక్కువ ధర ఇవ్వకండి.

ఇంకో విషయం. ఇంజిన్ ఆయిల్ డబ్బాల మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గుర్తుకి లైసెన్సు వ్యవస్థ ఉంది, గేర్ ఆయిల్‌కి అలాంటిది లేదు. జీఎల్-5 అని రాసుకోవడం తయారీదారు తన మాట మీద చేసే పని. అందుకే ఎక్కువ బరువు మోసే బండికైతే ఎస్‌ఏఈ జె2360 ఆమోదం ఉన్న ఆయిల్ వెతకడం మంచిది. అమెరికా సైన్యం ప్రమాణంగా మొదలైన దీనికి స్వతంత్ర పరిశీలన ఉంటుంది, రోడ్డు పరీక్షలు కూడా నెగ్గాలి. "ప్రమాణానికి తగినది" అని రాయడం వేరు, "ఆమోదం పొందినది" అని రాయడం వేరు. రెండో మాట కోసం చూడండి.

## 90, 110, 140: ఎంత చిక్కగా?

గేర్ ఆయిల్ అంకెల్ని ఇంజిన్ ఆయిల్ అంకెలతో పోల్చకూడదు, రెండు కొలబద్దలూ వేరు. 90 గేర్ ఆయిల్ చిక్కదనం దాదాపు 40 లేక 50 ఇంజిన్ ఆయిల్ అంత. కొలిచేది 100 డిగ్రీల వేడిలో, సెంటీస్టోక్స్‌లో:

| గ్రేడు | 100 డిగ్రీల దగ్గర చిక్కదనం | ఎవరికి తగును |
|---|---|---|
| 85 | 11.0 నుంచి 13.5 లోపు | కంపెనీ ప్రత్యేకంగా చెప్పిన కొత్త బండ్లు |
| 90 | 13.5 నుంచి 18.5 లోపు | కార్లు, వ్యాన్లు, చిన్న ట్రక్కులు |
| 110 | 18.5 నుంచి 24.0 లోపు | ఎప్పుడూ లోడుతో తిరిగే పికప్‌లు, లారీలు |
| 140 | 24.0 నుంచి 32.5 లోపు | కంపెనీ 140 చెప్పిన భారీ యాక్సిళ్లు |

110 గ్రేడు 2005లో వచ్చింది. అంతకుముందు 13.5 నుంచి 24 వరకూ ఉన్నదంతా 90 కిందే లెక్క. అంటే పాత లారీ పుస్తకంలో 90 అని ఉంటే ఇప్పటి 110 కూడా ఆ పరిధిలోకే వస్తుంది. 110 చెన్నైలో ప్రతి షాపులోనూ దొరకదు, ఆర్డరిచ్చి తెప్పించుకోవాలి. ఎప్పుడూ నిండు లోడుతో తిరిగే పికప్‌కి ఆ శ్రమ దండగ కాదు.

డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 75డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80డబ్ల్యూని మైనస్ 26 దగ్గర, 85డబ్ల్యూని మైనస్ 12 దగ్గర పరీక్షిస్తారు. చెన్నైలో మార్గశిర మాసం తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఊటీకి వెళ్లినా సున్నా దగ్గర ఆగుతుంది. కాబట్టి ఒక్క 75డబ్ల్యూ కోసం మీరు రూపాయి కూడా అదనంగా ఇవ్వక్కర్లేదు. పుస్తకం వద్దనకపోతే డబ్ల్యూ లేని ఉత్త 90 కూడా ఇక్కడ చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు "ఎండలకి 140" సంగతి. మేలో చెన్నై 40 దాటుతుంది, నిజమే. కానీ బయట పది డిగ్రీలు పెరిగితే క్రౌన్ ఆయిల్ కూడా సుమారు అంతే పెరుగుతుంది. అసలు వేడి పుట్టించేది బరువు, వేగం, పళ్ల రాపిడి. 90 చెప్పిన యాక్సిల్‌లో 140 పోస్తే క్రౌన్ చక్రం ఆ చిక్కని ఆయిల్‌ని చిలకడానికే శక్తి ఖర్చుపెడుతుంది, దానితో ఆయిల్ ఇంకా వేడెక్కుతుంది. మైలేజీ కొంచెం పోతుంది.

దానికంటే పెద్ద నష్టం పినియన్ ముందు బేరింగుకి. ఆ బేరింగు ఆయిల్ మట్టానికి దూరంగా, పైకి ఉంటుంది. క్రౌన్ చక్రం చిమ్మిన ఆయిల్ హౌసింగ్‌లోని కాలువ గుండా దాన్ని చేరాలి. పొద్దున్న బండి తీసినప్పుడు మరీ చిక్కటి ఆయిల్ అక్కడికి ఆలస్యంగా, తక్కువగా చేరుతుంది.

సౌండు తగ్గుతుందన్న మాట అబద్ధం కాదు. చిక్కటి ఆయిల్ ఊళని అణుస్తుంది. అరుగుదలని ఆపదు. ఊళ ఎందుకొస్తోందో ముందు తేల్చుకోవాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వస్తే పళ్ల ముందు వైపు, వదిలినప్పుడే వస్తే వెనక వైపు అరుగుదల గానీ, పినియన్ బేరింగు వదులు గానీ అనుమానించాలి. రెండింటికీ సంబంధం లేకుండా వేగంతోపాటు పెరిగే గుయ్యిమనే మోత బేరింగుది. రివర్స్ నుంచి మొదటి గేరుకి మారినప్పుడు టక్కుమంటే పళ్ల మధ్య సందు పెరిగింది, లేదా యూనివర్సల్ జాయింట్ పోయింది. ఇవేవీ ఆయిల్‌తో నయమయ్యేవి కావు. ఈ దశలో బేరింగులు మార్చి షిమ్ములు (సందుని సరిచేసే పల్చటి రేకులు) సరిచేస్తే తక్కువలో పోతుంది. 140 పోసి ఇంకో ఏడాది నడిపితే క్రౌన్, పినియన్ జతగా మార్చాలి. ఆ రెండూ ఫ్యాక్టరీలో జోడీగా తయారవుతాయి కాబట్టి పుదుప్పేట్టైలో ఒక్క పినియన్ వెతికి తెచ్చి వేస్తే కుదరదు.

## మినరల్, సింథటిక్

మినరల్ 80డబ్ల్యూ-90 జీఎల్-5 చవక, ప్రతిచోటా దొరుకుతుంది, కొట్టు మూసే వేళకి కూడా ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. సింథటిక్ 75డబ్ల్యూ-90 రెండు మూడు రెట్లు ఖరీదు. దానికి బదులుగా ఇచ్చేది వేడిలో త్వరగా పాడవకపోవడం, పళ్ల మధ్య నలిగినా చిక్కదనం నిలుపుకోవడం, మార్పిడి గడువు పెరగడం.

ఎవరికి లాభం? రోజుకి మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగే ట్రావెల్స్ క్రిస్టాకి, ఎన్నూరు పోర్టు కంటైనర్లు లాగే లారీకి, ట్రైలర్ లాగే ఎస్‌యూవీకి లాభం. వారానికి ఒకసారి మైలాపూర్ నుంచి మహాబలిపురం వెళ్లొచ్చే బొలెరోకి ఆ డబ్బు వృథా. ఆ బండికి మినరల్ ఆయిల్‌నే గడువు కంటే ముందు మార్చడం మేలు, ఎందుకంటే తక్కువ తిరిగే బండిలో ఆయిల్‌ని పాడుచేసేది వేడి కాదు, తేమ.

వరదనీళ్లలో దిగే అవకాశం ఉన్న బండికీ ఇదే మాట. నవంబరు, డిసెంబరుల్లో నీళ్లు చేరి పారబోయాల్సి రావొచ్చు. ఖరీదైన సింథటిక్ పోస్తే పారబోయడానికి మనసొప్పదు, అదే క్రౌన్ ప్రాణం తీస్తుంది.

కొన్ని కొత్త బండ్లకి కంపెనీలు 75డబ్ల్యూ-85 లాంటి పల్చటి సింథటిక్ చెప్తున్నాయి. పళ్లు, బేరింగులు ఆ ఆయిల్‌కి తగ్గట్టే తయారయ్యాయి. అలాంటిచోట పల్చగా ఉందని భయపడి 90కి మారనక్కర్లేదు.

## ఎల్‌ఎస్ ఆయిల్ ఎవరికి

లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లో క్లచ్ ప్లేట్లుంటాయి. ఒక చక్రం బురదలో ఊరికే తిరిగితే రెండోదానికి బలం పంపేది అవే. మామూలు జీఎల్-5లో ఆ ప్లేట్లు పట్టి, వదిలి, పట్టి, వదిలి కుదుపుతాయి. యూటర్న్ తీసుకునేటప్పుడు వెనక నుంచి టకటకమని వణుకు వస్తుంది. దానికోసం ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని సాఫీ చేసే రసాయనం) కలిపిన ఎల్‌ఎస్, అంటే లిమిటెడ్ స్లిప్, ఆయిల్ వాడాలి.

మీ బండికి ఉందో లేదో తెలియకపోతే వెనక యాక్సిల్ కింద రెండువైపులా స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకి అడ్డు వేసి, న్యూట్రల్‌లో ఒక చక్రం చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిశలో తిరిగితే మామూలు డిఫరెన్షియల్, అదే దిశలో తిరిగితే లిమిటెడ్ స్లిప్. ఈ పరీక్ష థార్ లాంటి వాటిలోని మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్‌ని పట్టుకోలేదు. రెండు చక్రాల వేగంలో పెద్ద తేడా వచ్చేదాకా అది మామూలుదానిలాగే ఉంటుంది. అలాంటి బండికి పుస్తకంలో రాసిన ఆయిల్ తప్ప ఏదీ పోయకూడదు, విడిగా అమ్మే ఎల్‌ఎస్ సీసా సొంతంగా కలపకూడదు.

మామూలు డిఫరెన్షియల్‌లో ఎల్‌ఎస్ ఆయిల్ పడితే హాని లేదు. డబ్బు దండగ, అంతే.

## ఎవరికి ఏది

| బండి, వాడకం | మా ఎంపిక | మార్పిడి |
|---|---|---|
| ఈకో, ఓమ్ని, ఇంటి బొలెరో | మినరల్ 80డబ్ల్యూ-90 జీఎల్-5 | 40,000 కి.మీ. లేదా రెండేళ్లు |
| ట్రావెల్స్ క్రిస్టా, ట్రావెలర్ | సింథటిక్ 75డబ్ల్యూ-90 జీఎల్-5 లేదా పుస్తకంలోని గ్రేడు | పుస్తకంలోని గడువు |
| కోయంబేడు లోడ్లు వేసే ఏస్, దోస్త్, పికప్ | మినరల్ 80డబ్ల్యూ-90, నిత్యం నిండు లోడైతే 85డబ్ల్యూ-110 | 20,000 కి.మీ. |
| లారీ, ట్రైలర్ | కంపెనీ గ్రేడులో జె2360 ఆమోదం ఉన్నది | కంపెనీ గడువు |
| ఫోర్ వీల్ డ్రైవ్, బీచ్, బురద | జీఎల్-5, అవసరమైతే ఎల్‌ఎస్ | ప్రతి నీటి ప్రయాణం తర్వాత తనిఖీ |

బండి పుస్తకం వేరే మాట చెప్తే పుస్తకానిదే పైచేయి. పట్టికలోని కిలోమీటర్లు పుస్తకం పోగొట్టుకున్నవాళ్ల కోసం.

పికప్ వాళ్లకి మాత్రం ఇంకొంచెం చెప్పాలి. కాగితం మీద ఏ బరువున్నా మార్కెట్లో ఎక్కించేది దానికి మించి ఉంటుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ రెండో గేరులో పూర్తిగా తొక్కినప్పుడు పినియన్ పళ్ల మీద పడే ఒత్తిడే క్రౌన్‌ని తినేది. గ్రేడు పెంచడం కంటే మార్పిడి గడువు సగానికి తగ్గించడం ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది. ఈపీ రసాయనం పళ్లని కాపాడుతూ కాపాడుతూ ఖర్చయిపోతుంది. ఖర్చయ్యాక మిగిలేది ఉత్త చిక్కటి నూనె.

కుటుంబంతో తిరుమల వెళ్లొచ్చే క్రిస్టాకి ఘాట్ ఉంది కదా అని 140 అక్కర్లేదు. చెన్నై నుంచి తిరుపతి 135 కిలోమీటర్ల చిల్లర, చివర కొద్ది కిలోమీటర్ల ఎక్కుడు. ఏడుగురు, వాళ్ల సామాను ఆ యాక్సిల్ లెక్కలో ఎప్పుడో ఉన్నాయి.

కొత్త బండి మొదటి మార్పిడిని ఎవరూ దాటేయకూడదు. కొత్త పళ్లు ఒకదానికొకటి కుదురుకునేటప్పుడు రాలిన ఇనుప పొడి అంతా ఆ మొదటి ఆయిల్‌లోనే తిరుగుతుంటుంది. పుస్తకం తొలి మార్పిడి చెప్పినచోట దాన్ని తప్పక చేయించండి.

## నీళ్లు: చెన్నైలో క్రౌన్‌కి అసలు శత్రువు

యాక్సిల్ మీద బ్రీదర్ అనే చిన్న గొట్టం ఉంటుంది. నడుస్తూ వేడెక్కిన గాలి బయటికి పోవడానికి, చల్లారినప్పుడు లోపలికి రావడానికి అదే దారి. వేడి యాక్సిల్ ఒక్కసారిగా వరదనీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి నీళ్లని పీల్చుకుంటుంది. బ్రీదర్ నుంచి, సీళ్ల పెదవుల నుంచి కూడా. 2015 డిసెంబరు వరదల్లో గానీ, 2023 డిసెంబరు మిగ్‌జాం తుపానులో గానీ నీళ్లలో నిలిచిన బండ్లకి ఇంజిన్ చూపించినంత శ్రద్ధగా క్రౌన్ చూపించినవాళ్లు తక్కువ. నీళ్లు తగిలిన ఆయిల్‌లో బేరింగులకి తుప్పు పడుతుంది. కొన్ని నెలల తర్వాత మోత మొదలవుతుంది. అప్పటికి వరద సంగతి ఎవరికీ గుర్తుండదు, తప్పు ఆయిల్ బ్రాండు మీదికి పోతుంది.

యాక్సిల్ మునిగేంత నీళ్లలో వెళ్తే ఆ వారంలోనే ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం బిరడా) తీసి వేలు ముంచి చూడండి. ఆయిల్ పాలు కలిసిన టీ రంగులోకి మారిందంటే నీళ్లు చేరాయి. అనుమానంగా ఉంటే వేడి పెనం మీద ఒక చుక్క వేయండి, చిటపటలాడితే నీళ్లున్నట్టే. వెంటనే మొత్తం తీసేసి, చవకైన జీఎల్-5 పోసి ఇరవై ముప్పై కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, అదీ తీసేసి, అప్పుడు అసలు ఆయిల్ పోయాలి. కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడగనివ్వద్దు. మూలల్లో మిగిలిన కిరోసిన్ కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది.

బ్రీదర్ మట్టితో పూడుకుపోతే ఇంకో ప్రమాదం. లోపలి ఒత్తిడి పోవడానికి దారిలేక ఆయిల్ సీళ్లని తోసుకుంటూ యాక్సిల్ గొట్టాల గుండా వెనక బ్రేకు డ్రమ్ముల్లోకి చేరుతుంది. బ్రేకు షూలకి గేర్ ఆయిల్ పడితే కడిగి వాడుకోవడం కాదు, మార్చాలి. సీలు మార్చి బ్రీదర్ చూడకపోతే కొత్త సీలు కూడా కారుతుంది.

## మార్చేటప్పుడు

బండిని పావుగంట నడిపి చదునైన చోట ఆపండి. ముందు ఫిల్లర్ ప్లగ్ విప్పండి, తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్. ఈ వరస తప్పొద్దు. ఆయిలంతా కారిపోయాక ఫిల్లర్ ప్లగ్ పట్టేసి రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది.

పదిహేను నిమిషాలు పూర్తిగా కారనివ్వండి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు ముద్ద ఉంటే సహజం. గోరుకి తగిలే రేకులు, ముక్కలు ఉంటే కొత్త ఆయిల్ పోయకముందే కవరు విప్పించండి. ప్లగ్ వాషర్ కొత్తది వేయండి, పదుల రూపాయల్లో అయిపోతుంది.

చిన్న బండ్లకి సుమారు లీటరు నుంచి లీటరున్నర, క్రిస్టా, ఫార్చునర్ లాంటివాటికి సుమారు రెండు మూడు లీటర్లు పడుతుంది, లారీలకి పది లీటర్లు దాటుతుంది. కొలత కంటే రంధ్రం అంచే ప్రమాణం. ఆయిల్ అంచు దాకా వచ్చి సన్నగా కారడం మొదలయ్యాక ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ చూసి, తగ్గితే నింపండి. కొన్ని బండ్లకి అంచుకి కొన్ని మిల్లీమీటర్లు కింద అని పుస్తకంలో ఉంటుంది. ఒకవైపు జాకీ ఎత్తి పోస్తే మట్టం తప్పుతుంది. ఎక్కువైతే నురగ కట్టి సీళ్ల నుంచి కారుతుంది. తక్కువైతే ముందు చచ్చేది ఆ పినియన్ ముందు బేరింగే.

డ్రమ్ములోంచి మగ్గుతో పోసే లూజు ఆయిల్ ఎంత చవకైనా వద్దు. సీలున్న డబ్బా మీ కళ్లముందు తెరిపించండి, ఖాళీ డబ్బా మూతని కోయించండి, లేకపోతే అదే డబ్బా మళ్లీ నిండి ఇంకొకరికి అమ్ముడవుతుంది.

పని అయ్యాక బ్రీదర్ విప్పి ఊది చూడమనండి. మర్నాడు పొద్దున బండి కింద అట్టముక్క పరిచి రెండు ప్లగ్గుల దగ్గర చెమ్మ ఉందేమో చూడండి. తీసిన పాత ఆయిల్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది, కాలువలో పోయకూడదు. డబ్బాలో నింపి, వాడిన ఆయిల్‌ని లైసెన్సున్న రీసైక్లర్‌కి పంపే వర్క్‌షాపుకి ఇవ్వండి.